ఇంటికి ఏ నెట్ పెట్టించుకోవాలి? విజయవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకొకసారైనా ఎవరో ఒకరు "ఏ నెట్ బాగుంటుందండీ?" అని అడుగుతారు. పది మంది పది పేర్లు చెప్తారు. అడిగినవాళ్ళు ఏదో ఒకటి పెట్టించుకుంటారు, మూడు నెలలకు మళ్ళీ అదే ప్రశ్నతో వస్తారు. నేను పటమటలో ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. అమ్మానాన్నలు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు. ఈ రెండిళ్ళలో టెలిఫోన్ వైరు నెట్ నుంచి టవర్ సిగ్నల్ మీద వచ్చే ఎయిర్‌ఫైబర్ దాకా అన్నీ వాడాం, అన్నిటితోనూ తిప్పలు పడ్డాం. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చెప్పిందే చెప్పలేక అన్నీ ఒక చోట రాసి పెట్టాను. ప్లాన్ల ధరలు ఎప్పటికప్పుడు మారతాయి కాబట్టి వాటి జోలికి పోలేదు.

## తీసుకోవాలా వద్దా అనుకుంటున్నప్పుడు

అన్నిట్లోకి ఏ కంపెనీ నెట్ బెస్ట్ అండీ?

మీ వీధిలో ఎవరి లైను సరిగ్గా ఉంటే వాళ్ళదే. తప్పించుకోవడానికి చెప్తున్న మాట కాదు. మా నాన్నగారి ఇంట్లో ఒక కంపెనీ ఫైబర్ (గాజు పోగు మీద వచ్చే నెట్) ఆరు నెలలైనా ఆగదు. రెండు అడ్డరోడ్లు అవతల మా పెద్దమ్మ ఇంట్లో అదే కంపెనీ, అదే ప్లాన్, వారానికోసారి పోతుంది. కంపెనీ ఆఫీసు నుంచి మీ పేట దాకా వచ్చే లావు కేబుల్ ఎవరిదైనా బాగానే ఉంటుంది. తేడా అంతా స్తంభం మీది పెట్టె నుంచి మీ గుమ్మం దాకా వచ్చే సన్న వైరులోనూ, దాన్ని చూసుకునే మనిషిలోనూ ఉంది.

అందుకని ప్రకటనలు చూడకుండా మీ వరసలో నాలుగిళ్ళ వాళ్ళనూ, మూలమీది మెడికల్ షాపునూ అడగండి. ఎంత స్పీడు వస్తోందని అడిగితే అందరూ సూపర్ అనే అంటారు. "పోయినసారి ఆగిపోయినప్పుడు ఎన్ని గంటలకు వచ్చి బాగు చేశారు?" అని అడగండి. అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

మా ఇంటి దాకా ఏమేం వస్తాయో ఎలా తెలుస్తుంది?

వెబ్‌సైటులో పిన్‌కోడ్ కొడితే "మీ ప్రాంతంలో ఉంది" అనే వస్తుంది. పిన్‌కోడ్ అంటే ఒక్క వీధి కాదు కదా. తలెత్తి స్తంభాలు చూడండి. నల్ల పెట్టెలు, వాటి మీద స్టిక్కర్లు, వైర్లకు కట్టిన ట్యాగులు కనిపిస్తాయి. మన రెండు ఊళ్ళలోనూ జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, యాక్ట్, ఏపీ ఫైబర్‌నెట్ ఉన్నాయి. వీళ్ళు కాక పేటకొక కేబుల్ ఆపరేటర్. వన్‌టౌన్ సందుల్లో, మొగల్రాజపురం కొండ మీది ఇళ్ళలో వీటిలో ఒకటో రెండో మాత్రమే దొరకవచ్చు. అప్పుడు పోల్చుకునే పని కూడా తగ్గిపోతుంది.

30 ఎంబీపీఎస్ చాలా, 100 కావాలా?

ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్ల డేటా వస్తుందో చెప్పే స్పీడు అంకె. ఒక టీవీలో హెచ్‌డీ సినిమాకు 5 ఎంబీపీఎస్ చాలు. 4కే అయితే 15 దాకా కావాలి. వీడియో కాల్‌కు 3, 4 సరిపోతాయి. నలుగురున్న ఇంట్లో సాయంత్రం ఒక టీవీ, ఒక ఆఫీసు కాల్, రెండు ఫోన్లు నడిచినా 30 దాటడం కష్టం. 4కే టీవీ ఉండి, పిల్లలు పెద్ద పెద్ద గేములు దించుకుంటుంటే 100 తీసుకోండి. 300, 500 ప్లాన్లు చాలా ఇళ్ళలో గొప్పకే తప్ప వాడకానికి కాదు.

100 ప్లాన్ తీసుకుంటే డౌన్‌లోడ్ 12 దగ్గరే ఆగింది. మోసం కదా?

కాదు. ప్లాన్‌లో చెప్పేది మెగాబిట్లు, కంప్యూటర్ డౌన్‌లోడ్ చూపించేది సాధారణంగా మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. 100ను 8తో భాగిస్తే పన్నెండున్నర. అంటే మీకు ఇస్తామన్నది పూర్తిగా వస్తోంది.

అప్‌లోడ్ స్పీడు అడగమంటారు, దాంతో నాకేం పని?

సినిమాలు చూసేవాళ్ళకు పెద్దగా పని లేదు. ఇంటి నుంచి ఏమన్నా పంపేవాళ్ళకు అదే ప్రాణం. గవర్నర్‌పేటలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే మా తమ్ముడి వరస అబ్బాయి ఒకడున్నాడు. ఒక పెళ్ళి ఫుటేజి 60 జీబీ అనుకుందాం. అప్‌లోడ్ 100 ఉంటే గంటా ఇరవై నిమిషాల్లో వెళ్ళిపోతుంది. 10 ఉంటే పదమూడు గంటలు పడుతుంది, అదీ మధ్యలో తెగకపోతే. ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఇస్తారు. టవర్ మీద ఆధారపడే కనెక్షన్లలో అప్‌లోడ్ బాగా తక్కువ. ఆన్‌లైన్ ట్యూషన్లు చెప్పేవాళ్ళు, డిజైనర్లు ఈ అంకె అడగకుండా డబ్బు కట్టొద్దు.

మా అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ వాళ్ళు ఒకే కంపెనీని రానిస్తున్నారు. ఏం చేయాలి?

మీటింగులో అడగండి. మీతో పాటు ఇంకో ఇద్దరు ఫ్లాట్ల వాళ్ళను కూర్చోబెట్టుకుని అడిగితే త్వరగా పనవుతుంది. చాలాచోట్ల అది నియమం కాదు, మెట్ల పక్క డక్టులో ఇంకో వైరు లాగితే అసహ్యంగా ఉంటుందన్న బాధ, అంతే. ఎయిర్‌ఫైబర్ అయితే గొడవ ఉండదని కొందరు అనుకుంటారు. దానికీ డాబా మీద డబ్బా బిగించాలి, డాబా తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

## రకాలు పోల్చుకునేటప్పుడు

ఫైబర్, ఎయిర్‌ఫైబర్ ఒకటేనా?

పేరు ఒకటే, పని వేరు. ఫైబర్‌లో వెంట్రుకంత గాజు పోగు మీ ఇంట్లోకి వస్తుంది, దాంట్లో వెలుతురు మీద డేటా నడుస్తుంది. ఎయిర్‌ఫైబర్‌లో ఇంట్లోకి ఏ పోగూ రాదు. డాబా మీదో బాల్కనీలోనో ఒక డబ్బా బిగించి, దాన్ని టవర్ వైపు తిప్పుతారు. మీ ఫోను అందుకునే 5జీనే అదీ అందుకుని, వైరు ద్వారా లోపలి రౌటర్‌కు, అంటే వైఫై పంచే పెట్టెకు, ఇస్తుంది.

ఫైబర్ దొరికితే ఫైబరే తీసుకోండి. స్పీడు నిలకడగా ఉంటుంది, అప్‌లోడ్ బాగుంటుంది, నెలవారీ డేటా పరిమితి కూడా ఎక్కువ. ఎయిర్‌ఫైబర్ ఎవరికంటే, వీధిలోకి ఫైబర్ రానివాళ్ళకు, అద్దె ఇంట్లో ఏడాదికోసారి మారేవాళ్ళకు, గోడకు చిల్లు పెడితే ఊరుకోని ఇంటివాళ్ళు ఉన్నవాళ్ళకు. కానూరు, పోరంకి వైపు కొత్త వెంచర్లలో ఇల్లు కట్టుకున్నవాళ్ళు చాలామంది ముందు ఇది పెట్టించుకుని, లైను వచ్చాక ఫైబర్‌కు మారుతున్నారు. తెలివైన పద్ధతే.

కేబుల్ అబ్బాయి "ఫైబరే సార్" అన్నాడు, ఇంట్లోకి మాత్రం నీలం లాన్ వైరు వచ్చింది. ఏమిటిది?

ఫైబర్ మీ బిల్డింగు దాకానో, వీధి చివరి పెట్టె దాకానో వచ్చింది. అక్కడ ఒక స్విచ్ (లైనును ఇళ్ళకు పంచే పెట్టె) పెట్టి, అక్కడి నుంచి రాగి లాన్ వైరు మీ ఇంటికి లాగారు. అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. లాన్ వైరు ఒక్క ముక్కగా 100 మీటర్లు దాటకూడదు. మధ్యలో ఉన్న ఆ స్విచ్‌కు కరెంటు కావాలి, అది పోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా నెట్ ఉండదు. పైగా రాగి కాబట్టి ఉరుములు మెరుపుల రోజు రౌటర్ పోర్టు మాడిపోయే ప్రమాదం ఉంది. మాకు పటమట పాత ఇంట్లో ఒకే వేసవిలో రెండు రౌటర్లు అలాగే పోయాయి. ఇంట్లోకి గాజు పోగే వస్తుందా అని ముందే సూటిగా అడగండి.

ఫోన్ హాట్‌స్పాట్ ఉండగా ఇంకో కనెక్షన్ దండగ కదా?

ఒంటరిగా గదిలో ఉండే కుర్రాళ్ళకు నిజంగానే దండగ. మన విజయవాడ, గుంటూరులో జియో 5జీ 2022 డిసెంబరు 26నే మొదలైంది, సిగ్నల్ బాగున్నచోట ఇంటి నెట్ కంటే వేగంగా కూడా వస్తుంది. కానీ 2024 జూలైలో ధరలు పెంచినప్పుడు జియో, ఎయిర్‌టెల్ రెండూ అన్‌లిమిటెడ్ 5జీని రోజుకు 2 జీబీ, ఆ పైన ఇచ్చే ప్లాన్లకే పరిమితం చేశాయి. 4జీ మీద ఉంటే హెచ్‌డీ వీడియో గంటకు దాదాపు 3 జీబీ తాగేస్తుంది, అంటే ఒక్క సినిమాకు ఆ రోజు డేటా సరి.

సంసారం ఉన్న ఇంట్లో అసలు సమస్య వేరే. హాట్‌స్పాట్ ఉన్న ఫోను ఆఫీసుకు వెళ్ళిపోతుంది, ఇంట్లో టీవీ తెల్లమొహం వేస్తుంది.

పాత బీఎస్ఎన్ఎల్ లాండ్‌లైన్ ఉంది. దాని మీదే నెట్ తీసుకోవచ్చా?

వద్దు. రాగి టెలిఫోన్ వైరు మీద వచ్చే నెట్ ఎక్స్ఛేంజికి దూరం పెరిగేకొద్దీ నీరసపడిపోతుంది, వాన పడితే గరగర. బీఎస్ఎన్ఎల్ కూడా తన వాడకందార్లను ఫైబర్‌కే మారుస్తోంది. ముప్పై ఏళ్ళ నాటి నంబరు పోతుందని పెద్దవాళ్ళు బెంగపడతారు. ఫైబర్‌కు మారేటప్పుడు ఆ నంబరే ఉంచమని అడగండి, మా నాన్నగారికి అలాగే ఇచ్చారు.

ఏపీ ఫైబర్‌నెట్ సంగతేమిటి? చౌక అంటారు.

ఇది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ నెట్, టీవీ చానళ్ళు, ఫోను మూడూ ఇస్తామన్నది అప్పటి మాట. ఆ ధర ఇప్పుడు అడిగితే కేబుల్ ఆపరేటర్ నవ్వుతాడు. రోడ్లు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగడం వల్ల ఖర్చు తగ్గి పల్లెలకు కూడా వెళ్ళింది. అదే దాని బలహీనత కూడా, ఈదురు గాలికి స్తంభం ఒరిగితే నెట్టూ ఒరుగుతుంది. మీ ఇంటికి ఇచ్చేది స్థానిక కేబుల్ ఆపరేటరే కాబట్టి అతను మంచివాడైతే సేవ మంచిది. నగరం నడిబొడ్డున నాలుగు ఫైబర్లు దొరికేవాళ్ళకు నేను ముందుగా చెప్పను. తాడికొండ, పెదకాకాని లాంటి చోట్ల ఊరి లోపల ఉండేవాళ్ళు మాత్రం తప్పక విచారించాలి.

శాటిలైట్ నెట్ వస్తోందట, అప్పటిదాకా ఆగమంటారా?

ఆగొద్దు. ఉపగ్రహాల మీద నెట్ ఇచ్చే స్టార్‌లింక్‌ కంపెనీకి మన దేశంలో లైసెన్సు 2025 జూన్‌లో వచ్చింది. పాతరకం ఉపగ్రహాలు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కాబట్టి మాట వెళ్ళి రావడానికే అర సెకను పైన పట్టేది. స్టార్‌లింక్‌వి దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి, అందుకే అంత జాప్యం ఉండదు. కానీ అది టవరూ వైరూ లేని అడవులకు, కొండలకు, సముద్రం మీద పడవలకు పనికొచ్చే సరుకు. బెంజ్ సర్కిల్ పక్కన ఉండి ఆకాశం వైపు చూడనక్కర్లేదు.

మా వాడు గేములో "పింగ్ ఎక్కువ" అని గోల. స్పీడు పెంచాలా?

స్పీడు పెంచితే పింగ్ తగ్గదు. మీరు నొక్కిన సంగతి గేము సర్వరుకు చేరి జవాబు రావడానికి పట్టే సమయం పింగ్. బస్సులో సీట్లు పెంచినంత మాత్రాన హైదరాబాదు త్వరగా చేరం కదా, అలాగన్నమాట. ఫైబర్‌లో అది తక్కువ, పైగా నిలకడగా ఉంటుంది. 5జీ, 4జీలో ఒక క్షణం 40, మరుక్షణం 150. ఇంట్లో ఫైబర్ ఉండి కూడా గోల చేస్తుంటే కంప్యూటర్‌ను వైఫై మీద కాకుండా లాన్ వైరుతో కలపండి.

ఊరి బయట తోటలో కెమెరా పెట్టాలి, ఫైబర్ లేదు. దారి?

సిమ్ వేసుకునే 4జీ రౌటర్ గానీ, నేరుగా సిమ్ వేసే కెమెరా గానీ తీసుకోండి. కొనేముందు మూడు కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు పట్టుకెళ్ళి, కెమెరా పెట్టే చోటే నిలబడి సిగ్నల్ చూడండి. గేటు దగ్గర వచ్చే సిగ్నల్ మోటారు షెడ్డు దగ్గర రాదు.

## బిగించే రోజు

రౌటర్ ఎక్కడ పెట్టించాలి?

టెక్నీషియన్‌ను వదిలేస్తే వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు పైన పెట్టి పోతాడు. అక్కడికైతే అతనికి వైరు తక్కువ పడుతుంది. మీరు పట్టుబట్టి ఇంటి నడుమ, మనిషి ఎత్తుకు పైన పెట్టించుకోండి. వైఫైకి గోడలంటే పడదు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పాత ఇళ్ళ గోడలు మూరెడు మందం, ఒక్క గోడ దాటేసరికే సగం చస్తుంది. ఇనప బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి వెనక అసలు పెట్టొద్దు.

మా అమ్మ దుమ్ము పడుతుందని రౌటర్ మీద అల్లిక గుడ్డ కప్పేది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికల్లా నెట్ పోయేది, రాత్రికి దానంతటదే వచ్చేది. నాన్న కంపెనీకి నాలుగుసార్లు ఫోన్ చేశారు. వచ్చిన కుర్రాడు ఏమీ మాట్లాడకుండా గుడ్డ తీసి మడిచి అమ్మ చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆ వేసవంతా ఒక్కసారి కూడా ఆగలేదు.

వైఫై పేర్లు రెండు కనిపిస్తున్నాయి. దేన్ని వాడాలి?

5 అని చివరన ఉన్నది వేగం ఎక్కువ, దూరం తక్కువ. అదే గదిలో ఉన్న టీవీకి, ల్యాప్‌టాప్‌కు వాడండి. రెండోది, అంటే 2.4, వేగం తక్కువైనా గోడలు దాటి పడగ్గది దాకా వెళ్తుంది. కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు దాన్నే పట్టుకుంటాయి.

ఫైబర్ వైరును తలుపు మూలకు అతికించి తిప్పొచ్చా?

గుండ్రంగా తిప్పొచ్చు, మడత పెట్టకూడదు. లోపల ఉన్నది గాజు. మడత దగ్గర వెలుతురు బయటికి కారిపోయి సిగ్నల్ తగ్గుతుంది, గట్టిగా నొక్కితే విరుగుతుంది. తలుపు సందులోంచి లాగితే రోజుకు నలభైసార్లు తలుపు దాన్ని నొక్కుతుంది. చిల్లు పెట్టించుకోవడమే మేలు. చిల్లు కిందికి వాలుగా పెట్టమనండి, లేకపోతే వాన నీళ్ళు వైరు వెంటే లోపలికి వస్తాయి.

ఇన్‌స్టలేషన్ ఫ్రీ అన్నారు, వచ్చినవాళ్ళు డబ్బులు అడుగుతున్నారు.

ఫ్రీ అన్నది ఎన్ని మీటర్ల వైరు వరకో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. ఆ మెసేజి చూపిస్తే సగం వాదన అక్కడే ఆగుతుంది. మండుటెండలో స్తంభమెక్కిన కుర్రాడికి మజ్జిగకో కూల్ డ్రింకుకో ఇవ్వడం వేరే సంగతి, అతని నంబరు కూడా తీసుకోండి. కాల్ సెంటర్ కంటే ఆ నంబరే పనికొస్తుంది.

ఇంటి కెమెరాలు అమెరికాలో ఉన్న మా అబ్బాయి చూడాలి. ఏదైనా పనిచేస్తుందా?

కంపెనీ యాప్ ద్వారా చూసే కెమెరాలైతే దాదాపు ఏ నెట్ మీదైనా పనిచేస్తాయి, అప్‌లోడ్ బాగుంటే చాలు. పాతరకం డీవీఆర్ (కెమెరా రికార్డింగు పెట్టె) పెట్టి నేరుగా ఐపీ అడ్రసుతో, అంటే నెట్‌లో మీ ఇంటికి ఉండే నంబరుతో, తెరవాలంటేనే చిక్కు. ఇప్పుడు చాలా కంపెనీలు వందల ఇళ్ళకు కలిపి ఒకే బయటి అడ్రసు ఇస్తున్నాయి, బయటి నుంచి మీ ఇంటినే వెతికి పట్టుకోవడం కుదరదు. అలాంటప్పుడు అదనపు డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే ఉండే మారని అడ్రసు, తీసుకోవాలి. అన్ని ప్లాన్లకూ ఇవ్వరు, ముందే అడగండి.

## వాడుతున్నప్పుడు

అన్‌లిమిటెడ్ అని చెప్పి నెలాఖరుకి నత్తనడక ఏమిటి?

అన్‌లిమిటెడ్ అంటే నెట్ ఆగదని, అదే వేగం ఉంటుందని కాదు. ప్లాన్ కింద చిన్న అక్షరాల్లో ఒక పరిమితి ఉంటుంది. పెద్ద కంపెనీల ఫైబర్‌కు సాధారణంగా నెలకు 3300 జీబీ, ఎయిర్‌ఫైబర్‌కు 1000 జీబీ. అది దాటితే వేగం బాగా తగ్గించేస్తారు. 3300 మామూలు సంసారం వాడలేదు. 1000 మాత్రం రెండు టీవీలు పొద్దుగూకులూ నడిచే ఇంట్లో దాటొచ్చు, 4కే వీడియో గంటకు 7 జీబీ దాకా లాగుతుంది. లోకల్ ఆపరేటర్ల దగ్గర పరిమితి ఒక్కొక్కరిది ఒక్కో తీరు.

రాత్రి తొమ్మిదింటికి మాత్రమే స్లో అవుతోంది. ఎందుకు?

అప్పుడు ఊరంతా అన్నాలు తిని టీవీ ముందు కూర్చుంటుంది. ఫైబర్‌లో కూడా ఒక పోగును చీల్చి 32, 64 ఇళ్ళకు పంచుతారు. అందరికీ కలిపి ఉండేది దాదాపు రెండున్నర వేల ఎంబీపీఎస్, మామూలుగా అది చాలు. ఇబ్బంది ఎక్కువగా అంతకంటే పైన, ఆపరేటర్ దగ్గర వస్తుంది. చిన్న ఆపరేటర్ బయటి నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ (అందరికీ పంచాల్సిన మొత్తం నెట్) తక్కువ, ఇచ్చిన కనెక్షన్లు ఎక్కువ. ఎయిర్‌ఫైబర్‌లో అయితే టవర్ కింద ఉన్న ఫోన్లన్నిటితోనూ పోటీ. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వారం పాటు స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్లు పెట్టుకోండి. తేడా రోజూ సగానికి సగం ఉంటే కంపెనీ మార్చడం తప్ప మందు లేదు.

200 ప్లాన్, ఫోనులో 40 మాత్రమే వస్తోంది.

రౌటర్ పక్కనే నిలబడి మళ్ళీ చూడండి. అక్కడ 200 వస్తే తప్పు మీ గోడలది. ల్యాప్‌టాప్‌ను లాన్ వైరుతో కలిపినా 95 దగ్గరే ఆగిందంటే పాత వైరో, 100 దాటని పాత పోర్టో అయి ఉంటుంది. వైరు మారిస్తే వంద రూపాయల పని.

కరెంటు పోతే నెట్ పోతుందా?

గాజు పోగుకు కరెంటు అక్కర్లేదు, దాని రెండు చివరలకూ కావాలి. మీ చివర సులువు. మోడెంకు, అంటే ఫైబర్ వైరు వచ్చి చేరే పెట్టెకు, చిన్న 12 వోల్టుల మినీ యూపీఎస్ (బ్యాటరీ పెట్టె) దొరుకుతుంది, మూడు నాలుగు గంటలు లాగుతుంది. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి, వోల్టులు తేడా వస్తే మోడెం పోవచ్చు, ఆంపియర్లు చాలకపోతే సరిగ్గా నడవదు. ఇంటి ఇన్వర్టర్ ఉన్నా కరెంటు మారే ఆ క్షణంలో కొన్ని మోడెంలు ఆగి మళ్ళీ మొదలవుతాయి. కాల్ మధ్యలో ఉంటే రెండు నిమిషాలు టెన్షన్. మినీ యూపీఎస్ ఆ రెండు నిమిషాలకే నేను కొన్నాను.

అవతలి చివర మన చేతిలో లేదు. ఆపరేటర్ గదిలో బ్యాటరీలు ఎంతసేపు నిలిస్తే అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీళ్ళలో ఉన్నప్పుడు ఫైబర్ సంగతి సరే, ఫోను చార్జింగుకే జనం అల్లాడారు. ఉద్యోగం నెట్ మీదే నడిచేవాళ్ళు ఇంటి ఫైబర్ ఒక కంపెనీది, ఫోను సిమ్ ఇంకో కంపెనీది పెట్టుకోండి. రెండూ ఒకరివే అయితే ఒకేసారి రెండూ పోవచ్చు.

## ఆగిపోయినప్పుడు

మోడెం మీద ఎర్ర లైటు వెలుగుతోంది. రీస్టార్ట్ చేస్తే పోతుందా?

ఎర్ర లైటు పక్కన ఎల్ఓఎస్ (LOS) అని ఉంటే పోదు. వెలుతురు మీ ఇంటి దాకా రావడం లేదని దానర్థం. వైరు ఎక్కడో తెగింది, లేదా మోడెం వెనక కనెక్టర్ వదులైంది. కనెక్టర్ ఒకసారి మెల్లగా తీసి పెట్టి చూడండి. దాని కొనను కంటికి దగ్గరగా పెట్టుకుని మాత్రం చూడకండి, కనిపించని లేజరు వెలుతురు కంటికి మంచిది కాదు. వేలితోనూ తాకొద్దు.

వచ్చిన కుర్రాడు "సార్, పవర్ తగ్గింది" అంటాడు. కరెంటు గురించి కాదు, వెలుతురు బలం గురించి. చేతిలో చిన్న మీటరు ఉంటుంది, కనెక్టర్ అందులో గుచ్చితే మైనస్‌లో అంకె చూపిస్తుంది. మైనస్ 20 చుట్టుపక్కల అయితే హాయి. మైనస్ 27 దాటితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. పోయిన నెల మా ఇంట్లో మైనస్ 31 చూపించింది. అతను మెట్ల దగ్గర వైరు కత్తిరించి, పై తొడుగు వలిచి, గాజు పోగును స్పిరిట్ దూదితో తుడిచి, టిఫిన్ డబ్బా అంత మెషీనులో రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టాడు. తెరమీద రెండు కడ్డీల్లా పెద్దగా కనిపించాయి. చిటుక్కున మెరుపు, రెండూ కలిసిపోయాయి. మళ్ళీ మీటరు పెడితే మైనస్ 21. మీరూ ఆ అంకె అడిగి రాసి పెట్టుకోండి, ఈసారి ఆగితే ఎవరి తప్పో వాదించనక్కర్లేదు.

పండగ వస్తే చాలు నెట్ పోతుంది. నాకేనా?

అందరికీ. చవితి నిమజ్జనం ఊరేగింపులో పెద్ద బొమ్మ వెళ్ళడానికి కర్రలతో వైర్లు పైకెత్తుతారు, అందకపోతే తెంపుతారు. సంక్రాంతికి గాలిపటం దారాలు లాగుతారు. మిగతా రోజుల్లో ఎత్తుగా సరుకేసుకున్న లారీలు, కోతులు, ఎలుకలు. వీధికి అడ్డంగా కిందికి వేలాడే వైరు మీదైతే, పండగకు వారం ముందే ఆపరేటర్‌కు ఫోటో పంపి ఎత్తు కట్టించుకోండి.

వాన పడితే ఎయిర్‌ఫైబర్ ఆగిపోతుందా?

డీటీహెచ్ డిష్ లాగా కాదు. మన 5జీ ఎక్కువగా వాడే తరంగాలకు వాన పెద్ద అడ్డు కాదు. ఆగిందంటే టవర్‌కు కరెంటు పోయి ఉంటుంది, లేదా గాలికి డాబా మీది డబ్బా పక్కకు తిరిగి ఉంటుంది. ఎదురుగా కొత్త అంతస్తు లేచినా సిగ్నల్ పడిపోతుంది, ఇది వానకంటే పెద్ద గండం.

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ రావట్లేదు. ఎవరికి చెప్పాలి?

ముందు కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నంబరు తీసుకోండి. నంబరు లేని ఫిర్యాదు గాలి మాట. నాకు ఒకసారి తొమ్మిది రోజులు నెట్ లేదు. రోజూ "ఈరోజు సాయంత్రానికి" అనేవారు, రెండుసార్లు నేను చూడకుండానే "సమస్య పరిష్కారమైంది" అని మెసేజి పంపి ఫిర్యాదు మూసేశారు. అలా మూసిన ప్రతిసారీ కొత్త నంబరు తీసుకుని, పాతదాని ప్రస్తావన చేర్చాలి. తర్వాత మెట్టు ఆ కంపెనీ అప్పిలేట్ అథారిటీ, అంటే కాల్ సెంటర్‌లో తేలని ఫిర్యాదుల మీద అప్పీలు వినేవాళ్ళు. ప్రతి టెలికాం కంపెనీ దాన్ని పెట్టి తీరాలి, వివరాలు వాళ్ళ వెబ్‌సైటులో ఉంటాయి. అదీ కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. నా విషయంలో అప్పీలు మెయిల్ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో ఇద్దరు వచ్చారు.

## మారేటప్పుడు, మానేసేటప్పుడు

ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అంటున్నారు. కట్టమంటారా?

కొత్త కనెక్షన్‌కు వద్దు. నెల నెలా కట్టి ఒక వేసవి, ఒక వానాకాలం చూడండి, రెండూ గట్టెక్కితే అప్పుడు కట్టండి. చెప్పే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా అడగండి.

మొబైల్ నంబరు లాగా బ్రాడ్‌బ్యాండ్ పోర్ట్ చేసుకోవచ్చా?

కుదరదు. కొత్తది వేరే తీసుకోవాలి, పాతది మానేయాలి. కొత్తది వచ్చి వారం నడిచాకే పాతది ఆపండి.

మానేస్తున్నాం, మోడెం వెనక్కి ఇవ్వాలా?

చాలావరకు అది కంపెనీ సొత్తు, ఇవ్వాలి. డిపాజిట్ కట్టి ఉంటే అది ఇచ్చాకే వస్తుంది. అడాప్టర్‌తో సహా ఇచ్చి, సీరియల్ నంబరు కనపడేలా ఫోటో తీసి, తీసుకున్న మనిషితో రసీదు రాయించుకోండి. రసీదు లేకపోతే ఆరు నెలల తర్వాత మోడెం బాకీ అని ఫోన్లు వస్తాయి.

పాత కంపెనీ వైరు గోడ మీద అలాగే వదిలేశారు. కత్తిరించి పారేయొచ్చా?

ముందు అది మీ ఒక్కరిదేనని రూఢి చేసుకోండి, పై ఫ్లాట్ వాళ్ళది కూడా ఆ వెంటే వెళ్తుంటుంది. మీదే అయితే ఇంటి వైపు ముక్క కత్తిరించి, కొసను టేపుతో చుట్టేయండి. కత్తిరించిన చోట రాలే గాజు ముక్కలు కంటికి సరిగ్గా కనపడవు, వేళ్ళలో గుచ్చుకుంటాయి. నేల మీద వదలకుండా టేపుకు అంటించి చెత్తబుట్టలో వేయండి, పాకే పిల్లలున్న ఇల్లయితే తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆ గుడ్డ కూడా పారేయండి.